గడియ

పుస్తకాల పడవలో వచ్చిందది, పోయిన నెల.
అట్ట చివర ఉప్పునీళ్ళ మరక.
మూడు రాత్రుల్లో చదివేశాను,
పొయ్యిలో కట్టె ఎగదోస్తూ,
దుంపలు మాడగొట్టుకుంటూ.

రాసినాయనా,
నువ్వు చెప్పిన దీవిలో ఎండ ఎక్కువ.
చెయ్యి చాస్తే పండు.
మా చిలోయే వైపు రావాల్సింది నువ్వు.
ఇక్కడ వాన ఆగితే కుక్కలు మొరుగుతాయి.

మేం పద్నాలుగుమందిమి. హాస్టలు పిల్లలం.
టీచరమ్మ ఎర్సిలా జీతం తెచ్చుకోడానికి
కాస్త్రోకి పడవెక్కింది,
సాయంత్రానికి వస్తానంది.
ఉత్తరపు గాలి లేచింది.
పదకొండు రోజులు.
సులేమా గోడమీద బొగ్గుతో గీతలు గీసింది,
ఏడో గీత రెండుసార్లు గీశానేమో అంది.
అందుకే పదకొండో పదో ఇప్పటికీ తేలలేదు.

నాకు పన్నెండేళ్ళు.
అందరిలోకీ పెద్దదాన్ని, అంచేత రాజ్యం నాది.
మనిషికి మూడు దుంపలు, చిన్నవైతే నాలుగు.
ఏది చిన్నదో తేల్చేది నేనే.
ఆటు తగ్గినప్పుడు నోల్ఫా వెనకే వెళ్ళి
రాళ్ళకంటిన ఆల్చిప్పలు ఊడబెరికేవాళ్ళం.
కుస్తోదియో మంత్రగాళ్ళ ఓడ కథ చెప్తే
పద్నాలుగుమందిమీ మూడు మంచాల మీదికి చేరేవాళ్ళం.

ఎవరమూ ఎవరినీ చంపలేదయ్యా.
ఈ ముక్క నీకు పెద్ద పెద్ద అక్షరాలతో
రాద్దామని కలం తీశాను.

తీశాక
బెలార్మినో గుర్తొచ్చాడు.

ఆరేళ్ళవాడు.
రాత్రంతా అమ్మ కోసం ఏడ్చేవాడు. గట్టిగా కాదు,
కుండలో చుక్క పడ్డట్టు, ఒకటే సన్నగా.
నాలుగో రాత్రి వాణ్ణి
కట్టెల కొట్లో పడుకోబెట్టాం.
దుప్పటి ఇచ్చాం.
ఇలాంటివి చెప్పేటప్పుడు
దుప్పటి మాట మరిచిపోకుండా చెప్తాం.

గడియ పెట్టింది నేను.

చెక్క గడియ, తడికి ఉబ్బిపోయింది,
అరచేత్తో రెండు దెబ్బలేస్తే గానీ దిగలేదు.
ఆ రెండో దెబ్బ నాకు ఇష్టంగా తగిలిందని
నలభై ఎనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.
నీకెలా తెలిసింది?
నీ పిల్లాడొకడు రాయి తీసి
బరువు చూసుకున్న చోట
నా అరచెయ్యి మండింది.
పుస్తకం మూసి, చేతులు కడుక్కుని,
మళ్ళీ తెరిచాను.

తెల్లారి చూస్తే గడియ తీసి ఉంది.
బెలార్మినో పొయ్యి పక్కన నిద్రపోతున్నాడు,
ఒక కాలికి ఎవరిదో ఉన్ని మేజోడు.
ఎవరు తీశారన్నాను.
నేను కాదంటే నేను కాదన్నారు,
దుంపలు దొంగిలించినవాళ్ళలా
నేల చూపులు చూశారు.
నా రాజ్యంలో
మంచితనం అలా దాక్కుని తిరగాల్సొచ్చింది.

నీతో నా పేచీ అక్కడే, నాయనా.
గడియ పెట్టిన చేతిని
వేలిముద్రలతో సహా పట్టుకున్నావు.
చీకట్లో, చలిలో, నాకు భయపడుతూ,
చప్పుడు కాకుండా ఆ ఉబ్బిన చెక్కను
గోళ్ళతో పైకి లాగింది ఎవరో,
లాగడానికెన్ని గడియలు పట్టిందో,
ఒక్క పేజీ వెతకలేకపోయావా?
నేను వెతికాను. సులేమా చచ్చిపోయేముందు కూడా అడిగాను.
నువ్వే అనుకున్నానే, అంది.

టీచరమ్మ వచ్చి ముందు దుంపల గోనె తెరిచి చూసింది.
నాకో లెంపకాయ ఇచ్చింది.
ఆ తర్వాత ఏడ్చింది.

ఇవాళ పడవొచ్చింది.
తాడు విసిరింది బెలార్మినోనే. గడ్డం నెరిసింది.
పుస్తకాలు తను చదవడు, మోస్తాడంతే.
"ఎలా ఉంది ఎడెల్మీరా?" అన్నాడు అట్ట తుడుస్తూ.
"పిల్లలు. పడవ కోసం చూస్తుంటారు."
"వస్తుందా?"
"ఆలస్యంగా."
తలూపాడు.

ప్రతి నెలా ఇచ్చినట్టే
దుంపల సంచి అందించాను.
"ఈసారి బరువుగా ఉందే" అన్నాడు.
లెక్కపెట్టలేదు, అన్నాను.